దృశ్యం, దృశ్యం 2: ఏది చూడాలి, ఏ భాషలో చూడాలి, ఏది ఎవరికి నచ్చుతుంది

ఒక్క సాయంత్రమే ఖాళీ, ఒక్క సినిమాకే తీరిక అంటే మొదటి ‘దృశ్యం’ చూడండి. రెండు సాయంత్రాలు దొరికితే రెండూ చూడండి, వరస మాత్రం తప్పొద్దు. మొదటిది చూడనివాళ్లకి రెండోదాని కథ అర్థం కాదని కాదు. జరిగినదేమిటో మధ్యమధ్యలో గుర్తుచేస్తూనే ఉంటారు. కానీ రెండో భాగంలో మనకు పుట్టే భయమంతా, మొదటి భాగం చివరి నిమిషంలో మన చేతికొచ్చే ఒక రహస్యం మీదే నిలబడి ఉంది. ఆ రహస్యాన్ని మనమూ కొంతకాలం మోసి ఉంటేనే ఆ భయం పుడుతుంది.

క్రైం సినిమాల సీక్వెల్స్ అన్నీ ఇలాంటివి కావు. మన ‘హిట్’ వరసే తీసుకోండి. 2020లో విశ్వక్ సేన్‌తో వచ్చిన మొదటి కేసు చూడకపోయినా, 2022లో అడివి శేష్‌తో వచ్చిన రెండో కేసు హాయిగా చూడొచ్చు. అక్కడ పోలీసు మారతాడు, నేరం మారుతుంది, ఊరూ మారుతుంది. ‘దృశ్యం’లో ఇంటివాళ్లు వాళ్లే, నేరం అదే, శవం అదే. ఆరేళ్ల తర్వాత అదే కేసును మళ్లీ తవ్వుతారు. అందుకే ఈ రెండిట్లో ఏది గొప్పది అని అడిగితే సరిపోదు. ఒకే కథను రెండు వైపుల నుంచి చెబుతున్నప్పుడు, ఏ వైపు కూర్చోవడం మీకు ఇష్టమో చూసుకోవాలి.

మొదటి భాగంలో మనం తెలుగు కథానాయకుడు, కేబుల్ ఆపరేటరు రాంబాబు పక్కనే కూర్చుంటాం. నేరం మన కళ్లెదుటే జరుగుతుంది. కారు ఏం చేశాడో, ఫోను ఏం చేశాడో, ఇంట్లోవాళ్లకి ఏం నేర్పాడో అన్నీ చూస్తాం. పోలీసులు వచ్చి అడుగుతుంటే ఆ అబద్ధం మనమే చెబుతున్నట్టు గొంతు ఎండుతుంది. మన దగ్గర దాచింది ఒకే ఒక్క సంగతి, అదీ ఆఖర్న చెప్పేస్తాడు. రెండో భాగంలో రాంబాబు మన దగ్గర కూడా దాస్తాడు. ఆరేళ్లుగా ఏం చేస్తూ వచ్చాడో భార్య జ్యోతికి తెలియదు, పిల్లలకు తెలియదు, మనకూ తెలియదు. కాబట్టి అతనికంటే పోలీసుల వైపే మనం ఎక్కువసేపు ఉంటాం. దొరికిపోతాడేమో అన్న ఆత్రం మొదటిదాన్ని నడిపిస్తే, ఈసారి ఏం చేసి ఉంటాడు అన్న ఊహ రెండోదాన్ని నడిపిస్తుంది. కథ పొడవునా గుండె బిగబట్టుకుని కూర్చోవడం ఇష్టమున్నవాళ్లకి మొదటిది. ఓపిగ్గా కూర్చుంటాం, చివర్లో ముడులన్నీ ఒక్కసారిగా విడిపోవాలి అనుకునేవాళ్లకి రెండోది.

నడక విషయంలో రెండూ నెమ్మదిగానే మొదలవుతాయి. అయితే ఆ నెమ్మదికి కారణాలు వేరు. మొదటి భాగంలో నేరం జరగడానికి దాదాపు గంట పడుతుంది. ఆ గంటా కేబుల్ ఆపరేటరు పిసినారితనం, ఆఫీసులో తెల్లవార్లూ సినిమాలు చూసే అలవాటు, కానిస్టేబుల్‌తో పేచీ, టీకొట్టు కబుర్లు. వీటిలో ఒక్కటీ వృథా కాదు. సినిమాల పిచ్చి తర్వాత అతని చదువుగా పనికొస్తుంది, కానిస్టేబుల్ పేచీ అతని మెడకు చుట్టుకుంటుంది. రెండో భాగం మొదటి గంటలో తండ్రి తాగుడు, థియేటరు వ్యాపారం, సినిమా తీస్తానన్న పట్టుదల, పెద్దమ్మాయి అనారోగ్యం, పక్కింటి మొగుడూపెళ్లాల గొడవలు వస్తాయి. వీటిలోనూ చాలావరకు చివర్లో పనికొస్తాయి కానీ, చూస్తున్నప్పుడు ఆ సంగతి తెలియదు. చాలామంది మధ్యలో కట్టేసేది ఇక్కడే. ఇంటర్వెల్ దగ్గరపడేదాకా ఓపిక పట్టండి. పక్కింటి సంగతి బయటపడ్డాక సినిమా ఇక ఆగదు.

ఏ భాషలో చూడాలి

మలయాళం మొదటి భాగం 2013 డిసెంబరు 19న వచ్చింది. రాసి, తీసినవాడు జీతు జోసెఫ్. మోహన్‌లాల్ జార్జ్‌కుట్టిగా, మీనా రాణిగా, ఆశా శరత్ ఐజీ గీతా ప్రభాకర్‌గా నటించారు. ఇడుక్కి కొండల్లోని రాజాక్కాడ్ కథాస్థలం. తెలుగు ‘దృశ్యం’ 2014 జులై 11న వచ్చింది. దర్శకురాలు నటి శ్రీప్రియ. వెంకటేశ్, మీనా, నదియా, నరేశ్ నటించగా, మలయాళంలో కలాభవన్ షాజోన్ చేసిన కానిస్టేబుల్ పాత్రను రవి కాలే చేశాడు. చిన్నకూతురు ఎస్తేర్ అనిల్, చనిపోయే కుర్రాడు రోషన్ బషీర్ రెండు భాషల్లోనూ వాళ్లే. మీనా సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఇంటి వాతావరణం రెంటిలోనూ ఇంచుమించు ఒకటే.

తేడా అంతా హీరో ముఖంలో ఉంది. మోహన్‌లాల్ ముఖం ఏమీ బయటపెట్టదు. పోలీసు ఎదురుగా ఉన్నా టీకొట్టు దగ్గర ఉన్నా ఒకేలా ఉంటాడు, అందువల్ల అతను ఎంత ముందుకు ఆలోచిస్తున్నాడో మనకు అంతు చిక్కదు. వెంకటేశ్ అలా కాదు. రాంబాబు భయం, బిడ్డల మీద దిగులు మనకు కనిపిస్తూనే ఉంటాయి. ఇంటిల్లిపాదీ కలిసి చూసేటప్పుడు, ముఖ్యంగా సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బందయ్యే పెద్దవాళ్లు ఉన్నప్పుడు, మొదటి భాగం తెలుగులోనే చూడండి. మూలానికి నమ్మకంగా తీసిన రీమేక్ అది, పోగొట్టుకునేది తక్కువ.

రెండో భాగానికి వచ్చేసరికి నా సలహా మారుతుంది. మలయాళం ‘దృశ్యం 2’ 2021 ఫిబ్రవరి 19న, తెలుగుది అదే ఏడాది నవంబరు 25న, రెండూ థియేటర్లకు రాకుండా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చాయి. రెంటికీ దర్శకుడు జీతు జోసెఫే, రెంటికీ కెమెరా సతీశ్ కురుప్. తెలుగులో ఐజీగా సంపత్ రాజ్, రచయితగా తనికెళ్ల భరణి, లాయరుగా పూర్ణ, పక్కింటి భర్తగా సత్యం రాజేశ్ చేశారు. దర్శకుడు ఒక్కడే కావడంతో షాట్లు కూడా చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. ఇక్కడే ఓ చిక్కుంది. ఈ కథ నిలబడాలంటే ఆరేళ్లలో జార్జ్‌కుట్టి ఏమైపోయాడో మనం పోల్చుకోలేకపోవాలి. గడ్డం, తాగుడు, బరువెక్కిన నడకతో మోహన్‌లాల్ ఆ అనుమానాన్ని చివరిదాకా నిలుపుతాడు. మలయాళంలో ఐజీగా చేసిన మురళీ గోపీ కూడా గొంతు పెంచకుండానే భయపెడతాడు. కాబట్టి సబ్‌టైటిల్స్‌తో ఇబ్బంది లేనివాళ్లు రెండో భాగం మలయాళంలో చూడటం మంచిది.

అయితే మొదటిది ఒక భాషలో, రెండోది మరో భాషలో చూడొచ్చా? తెలుగు, మలయాళం మధ్య అయితే ఫర్వాలేదు, పేర్లు మారతాయి తప్ప కథ తెగదు. హిందీతో మాత్రం కలపొద్దు. హిందీలో మొదటిది 2015లో నిశికాంత్ కామత్ తీశాడు. అజయ్ దేవ్‌గణ్, శ్రియ, టబు నటించారు, కథ గోవాలో జరుగుతుంది. నేరం జరిగిన తేదీ మలయాళంలో ఆగస్టు 2 అయితే, అక్కడ అక్టోబరు 2 అయింది. నిశికాంత్ కామత్ 2020లో కన్నుమూశాడు. 2022 నవంబరు 18న వచ్చిన రెండో భాగాన్ని అభిషేక్ పాఠక్ తీశాడు. అది థియేటర్ కోసం బిగించిన సినిమా, నిడివి 2 గంటల 20 నిమిషాలే. మొదటి భాగంలో కానిస్టేబుల్‌కు బదులుగా ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్ గైతోండే మళ్లీ వస్తాడు. మలయాళం రెండో భాగంలో ఆ కానిస్టేబుల్ పాత్రే లేదు. అతని పగ ఏమిటో తెలియాలంటే హిందీ మొదటిది చూసి ఉండాలి. ఐజీగా అక్షయ్ ఖన్నా చాలా బాగా చేశాడు. మలయాళం రెండో భాగం సాగదీశారని అనిపించినవాళ్లకి హిందీ రెండో భాగం సరిపోతుంది. కాకపోతే మలయాళంలో మొదటి గంట ఆ ఇంట్లో కూడబెట్టిన దిగులు ఇక్కడ పలచబడింది.

తమిళంలో కమల్ హాసన్ చేసిన ‘పాపనాశం’ 2015లో వచ్చింది. దాన్ని తీసింది కూడా జీతు జోసెఫే. దానికి రెండో భాగం రాలేదు కాబట్టి జంటగా చూడాలనుకునేవాళ్లకి పనికిరాదు. విడిగా మాత్రం తప్పక చూడాల్సిన సినిమా, ముఖ్యంగా చివర్లో చనిపోయిన కుర్రాడి తల్లిదండ్రులతో మాట్లాడే సన్నివేశం.

చూసేటప్పుడు

రెండూ రెండున్నర గంటలు దాటినవే. మలయాళం మొదటిది రెండుముప్పావు గంటల దగ్గర ఉంటుంది. ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు. రెండో భాగం బలం కాలం గడిచిందన్న భావన. మొన్ననే జరిగినట్టు అనిపిస్తే ఆ ఇంట్లోవాళ్ల అలసట మనకు అందదు. కనీసం వారం రోజులు ఎడం ఇవ్వండి.

ఫోనులో చూడటం మొదటి భాగానికి పెద్ద నష్టం కాదు. రెండో భాగానికి నష్టమే. జార్జ్‌కుట్టి గదిలో ఏముందో, ఏ తెర మీద ఏం కనబడుతోందో వెనక మూలన చూపించి వదిలేసే షాట్లు కొన్ని ఉన్నాయి. మధ్యలో ఆపాల్సి వస్తే మొదటి భాగాన్ని ఇంటివాళ్లు ఊరెళ్లి తిరిగొచ్చిన చోట ఆపండి. రెండో భాగంలో తవ్వకం మొదలయ్యాక ఆపొద్దు.

పిల్లలతో చూసేవాళ్లు ఒకటి గమనించాలి. మొదటి భాగానికి మూలం స్నానాల గదిలో దొంగతనంగా తీసిన వీడియో, దానితో బెదిరింపు. చివర్లో పోలీసులు చిన్నపాపను కొట్టే సన్నివేశం పెద్దవాళ్లకే కష్టంగా ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలకు వద్దు. హైస్కూలు పిల్లలున్న ఇంట్లో మాత్రం కలిసి చూడదగ్గ సినిమా. బెదిరింపు వచ్చిన రోజే ఆ అమ్మాయి అమ్మతో చెప్పగలిగింది, అమ్మ నిందించకుండా అండగా నిలబడింది. సినిమా అయ్యాక పిల్లలతో ఆ మాట ఎత్తడానికి వీలుంటుంది. రెండో భాగంలో దెబ్బలు తక్కువ, కానీ పెద్దమ్మాయికి మూర్ఛలు రావడం, పోలీసు వాహనం కనిపిస్తే వణికిపోవడం కదిలిస్తాయి.

ఇక్కడి నుంచి రెండూ చూసినవాళ్లకి మాత్రమే

మొదటి భాగంలో తెలివంతా సాక్షుల మీద పెట్టిన పెట్టుబడి. ఇంటివాళ్లు ఊరెళ్లింది నేరం జరిగిన తర్వాత. కానీ బస్సు కండక్టరు, లాడ్జి మనిషి, హోటలువాడు, సినిమా ఆపరేటరు, వీళ్లెవరికీ తారీఖు దానంతట అది గుర్తుండదు. రాంబాబు కొన్నాళ్ల తర్వాత మళ్లీ వెళ్లి మాటల్లో ఆ తేదీ కలుపుతాడు. తర్వాత పోలీసులు అడిగినప్పుడు వాళ్లు అబద్ధం చెప్పరు, తమకు గుర్తుందనుకున్నదే చెబుతారు. గీతా ప్రభాకర్ పట్టుకున్నది కూడా దీన్నే. పట్టుకుంది కానీ రుజువు చేయలేకపోయింది. మామూలు మనిషి మామూలు బుర్రతో చేయగలిగిన పని ఇది. అందుకే నమ్ముతాం.

రెండో భాగంలో తెలివి వేరే రకం. పోలీసు స్టేషన్ కింద దొరికిన అస్థిపంజరం డీఎన్ఏ పరీక్షలో సరిపోకుండా చేయాలి. దానికోసం ఏళ్ల తరబడి కాపలావాడితో స్నేహం, కాటికాపరితో బేరం, అదే వయసు కుర్రాడి ఎముకల కోసం ఎదురుచూపు, శాంపిళ్లు ఒక రాత్రి ఆగే చోట మార్పిడి. ప్రతి అడుగూ విడిగా చూస్తే జరగొచ్చు అనిపిస్తుంది. అన్నీ వరసగా కలిసిరావాలి, అదే కష్టం. నిజంగా అయితే తవ్విన చోటే పంచనామా రాసి, ఎముకలు సీలు వేసి, ఆ సీలు నమూనా ల్యాబుకు విడిగా పంపుతారు. సీలు తేడా వస్తే ల్యాబు అక్కడే ఆపుతుంది. ఈ గొలుసు సినిమాలో వదులుగా ఉంది. మొదటి భాగంలో అంత పెద్ద సందు కనిపించదు.

చట్టం సంగతి ఇంకొకటి. రెండో భాగంలో హీరో నేరం ఒప్పుకున్నాడు కదా, ఇంట్లో మాటలు రికార్డు చేశారు కదా, ఇంకేం కావాలని చాలామంది అడుగుతారు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. ఆ సినిమా వచ్చినప్పుడు అమల్లో ఉన్నది ఆ చట్టమే. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య అధినియమంలోనూ 23వ సెక్షన్‌గా అదే కొనసాగింది. ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే చెల్లుతుంది. కాబట్టి కేసు బరువంతా ఎముకల మీదే పడింది. అది పోతే కేసు పోతుందన్నది రచయిత సరిగ్గానే పట్టాడు.

మొదటి భాగం విషయంలో మాత్రం శవం లేకపోతే హత్యకేసే లేదనుకోవడం పొరపాటు. శవం దొరక్కపోయినా, సందర్భ సాక్ష్యం గొలుసు ఎక్కడా తెగకుండా ఉంటే శిక్ష వేయొచ్చని మన సుప్రీంకోర్టు చెప్పింది. రాంబాబు ఆ గొలుసునే తెంచాడు. కారులో చూశానన్న కానిస్టేబుల్ ఒక్కడే మిగిలాడు, అతనికి పగ ఉందని ఊరందరికీ తెలుసు. మొదటి గంటలోని పేచీ ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది.

రెండో భాగంలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోచేది గీత పాత్ర. మొదటిదానిలో ఆమె అధికారి, తల్లి, రెండూ. ఆమె బుర్ర రాంబాబు బుర్రకు సమానం, అందుకే ఆ పోటీ రక్తి కట్టింది. రెండోదానిలో ఆమెకు ఉద్యోగం లేదు, కోపం ఒక్కటే మిగిలింది. తెలివి కొత్త ఐజీకి ఇచ్చేశారు. అలాగే ఆరేళ్లకు జైలు నుంచి విడుదలై వచ్చే మనిషి, శవాన్ని పాతిన రాత్రి సరిగ్గా అక్కడే ఉండటం పూర్తిగా కాకతాళీయం. అయితే దాన్ని సినిమా మొదటి సన్నివేశంలోనే పెట్టి, ఇది మీరు ఒప్పుకోవాలి అని ముందే అడగడం మంచి పని. చివర్లో పెట్టి ఉంటే మోసం అయ్యేది.

రెండో భాగం మొదటిదాన్ని మించిన చోటు ఒకటుంది. నేరం ఇంట్లో ఏం చేస్తుందో మొదటి భాగం చెప్పదు. గెలిచారు అన్నంతవరకే చూపిస్తుంది. రెండోది ఆ గెలుపు తర్వాత రోజులు చూపిస్తుంది. భర్తతో మనసు విప్పలేక పక్కింటావిడకు దగ్గరై మాట జారే భార్య, పెళ్లి సంబంధం మాట వస్తే నిద్రపట్టని కూతురు, ఊళ్లో గుసగుసలు. నేరం నుంచి తప్పించుకున్న ఇల్లు ఇంత నిజాయితీగా కనిపించిన సినిమాలు మనకు తక్కువ. ఈ ఒక్క కారణానికైనా రెండోది వదలొద్దు.

2025లో మూడో భాగాన్ని ప్రకటించాక పాతవి మళ్లీ చూద్దామనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పూర్తిగా చూసే తీరిక లేకపోతే మొదటి భాగంలో ఇవి చూస్తే సరిపోతుంది: కొత్త పోలీసు స్టేషన్‌లో కూర్చున్న హీరోతో సినిమా తెరుచుకోవడం, నేరం జరిగిన రాత్రీ ఆ తర్వాతి ప్రయాణమూ, గీత తన బృందానికి ఆ ప్రయాణం ఎలా అల్లారో విప్పి చెప్పడం, చివర్లో తల్లిదండ్రులతో మాట్లాడే సన్నివేశం నుంచి ఆఖరి షాట్ దాకా. రెండో భాగంలో మొదటి పది నిమిషాలు, తర్వాత తవ్వకం నుంచి చివరిదాకా ఆపకుండా చూడండి. మొదటి భాగాలు ఏ ఓటీటీలో ఉన్నాయో చూసే రోజే వెతుక్కోండి, హక్కులు చేతులు మారుతుంటాయి. తెలుగు, మలయాళం రెండో భాగాలు మాత్రం వచ్చింది ప్రైమ్‌లోనే కాబట్టి ముందు అక్కడ చూడండి.